తల్లిదండ్రులకు ఆన్‌లైన్ ప్రోగ్రెస్ రికార్డుల యాక్సెస్: ఇవ్వడం, సరిచూడడం, తీసేయడం

"లాగిన్ అవుతోంది కానీ మా బాబు పేరు రావట్లేదు." "పెద్దమ్మాయి మార్కులే కనిపిస్తున్నాయి, చిన్నది లేదు." "ఇద్దరం ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నాం, ఆయన మార్చేశారు." స్కూలు ఆఫీసు ఫోనుకు వచ్చే ఇలాంటి ఫిర్యాదులన్నీ పాస్‌వర్డ్ గొడవల్లా వినిపిస్తాయి. తవ్వి చూస్తే చాలావరకు లింకు గొడవలు. తల్లిదండ్రులు మార్కులు చూసుకునే వెబ్‌సైటు, అంటే పోర్టల్, ఏదైనా లోపల ఉండేవి మూడే: తల్లి లేదా తండ్రి ఖాతా, విద్యార్థి రికార్డు, ఆ రెండింటినీ కలిపే లింకు. ఖాతా గురించీ పాస్‌వర్డ్ గురించీ అందరూ జాగ్రత్త పడతారు గానీ లింకును ఎవరూ పట్టించుకోరు. ఎవరు ఎవరి రికార్డు చూడగలరో తేల్చేది మాత్రం అదే.

కాబట్టి ప్రతి లింకుకూ అయిదు వివరాలు నమోదు కావాలి: బంధుత్వం, ఏమేం చూడవచ్చు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎవరు ఆమోదించారు. సాఫ్ట్‌వేర్‌లో ఈ గడులు లేకపోతే ఒక షీటులో రాసుకోండి. "ఈయనకు యాక్సెస్ ఎవరిచ్చారు?" అని రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే జవాబు ఆ షీటులోనే దొరకాలి.

ఎవరికి ఇవ్వాలి

అడ్మిషన్ దరఖాస్తులో ఉన్న తల్లికీ తండ్రికీ, లేదా చట్టబద్ధమైన సంరక్షకుడికీ ఇవ్వాలి. ఒక్కొక్కరికి విడివిడిగా లాగిన్ ఉండాలి. ఇంటికో లాగిన్ అని పెడితే మొదట పని తేలిగ్గానే ఉంటుంది. తర్వాత ఎవరు ఏది చూశారో, నంబరు ఎవరు మార్చారో తెలియదు. ఒకరి యాక్సెస్ తీసేయాల్సి వస్తే ఇద్దరిదీ పోతుంది.

ఫీజు కట్టేవారు, పిల్లను ఇంటికి తీసుకెళ్లేవారు, అత్యవసరమైతే ఫోన్ చేయాల్సినవారు, రికార్డులు చూడగలవారు అనే నాలుగు హోదాలూ వేర్వేరు. కాంటాక్టుల జాబితాలో ఉన్న ప్రతి నంబరుకూ తనంతట తానే పోర్టల్ ఖాతా తెరిచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అలాంటి సెట్టింగ్ ఉంటే మొదటిరోజే ఆపేయండి. లేదంటే రోజూ పాపను తీసుకెళ్లే పక్కింటావిడకు కూడా మార్కుల మెసేజ్ వెళ్తుంది.

విడిగా ఉంటున్న తల్లిదండ్రుల విషయంలో తడబడకూడదు. ఒకరు ఫోన్ చేసి "ఆయనకు చూపించొద్దు" అన్నంత మాత్రాన రెండోవారి యాక్సెస్ తీసేయకూడదు. కోర్టు ఉత్తర్వు తెస్తే కాపీ తీసుకుని తేదీ, ముద్ర చూసి ప్రిన్సిపాల్‌కు పంపండి. బిడ్డను కలవకూడదు అనడం వేరు, బిడ్డ చదువు వివరాలు తెలుసుకోకూడదు అనడం వేరు. ఆ తేడాను కౌంటర్ దగ్గర క్లర్కు తేల్చకూడదు. అవసరమైతే న్యాయ సలహా తీసుకుని ప్రిన్సిపాల్ నిర్ణయిస్తారు. పోర్టల్‌లో మాత్రం "పరిమితి ఉంది, ప్రిన్సిపాల్‌ను అడగండి" అని ఒక్క ముక్క చాలు. కారణం అక్కడ రాయకండి, సిబ్బంది అందరికీ కనిపిస్తుంది.

చాలామంది చూసుకోనిది ఇంకొకటుంది. తెర మీద ఒకరి చిరునామా రెండోవారికి కనిపించకుండా దాచినా, ప్రోగ్రెస్ కార్డు పీడీఎఫ్ తల భాగంలో ఇంటి చిరునామా, మొబైల్ నంబరు అచ్చవుతూనే ఉంటాయి. విడిగా ఉంటున్నవారు చిరునామా దాచుకోవడానికి బలమైన కారణమే ఉండవచ్చు. కార్డు నమూనాలోంచి ఆ రెండు గడులూ అందరికీ తీసేయడమే మేలు. మార్కులు తెలుసుకోవడానికి సొంతింటి చిరునామా ఎవరికీ అక్కర్లేదు కదా.

ఫైలు ఎక్కించేటప్పుడు

కొత్త ఏడాది మొదట్లో వందల లింకులు ఒక్కసారిగా సీఎస్‌వీ ఫైలుతో (గడుల మధ్య కామాలు పెట్టిన సాదా పట్టిక) ఎక్కిస్తారు. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. ఎక్సెల్‌లో ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవగానే కొన్ని విలువలు చెప్పకుండా మారిపోతాయి. 00417 అనే అడ్మిషన్ నంబరు 417 అవుతుంది. దేశం కోడ్‌తో కలిపి 12 అంకెలైన మొబైల్ నంబరు మధ్యలో చుక్క, చివర E+11 లాంటి ఘాతాంకంతో కురచగా కనిపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి. 15 అంకెలు దాటిన గుర్తింపు సంఖ్య ఏదైనా ఉంటే 16వ అంకె నుంచి అన్నీ సున్నాలే. అందుకే ఫైలును నేరుగా తెరవకుండా డేటా మెనూలోంచి దిగుమతి చేసి, ఆ కాలమ్‌లను టెక్స్ట్ అని చెప్పండి.

పుట్టిన తేదీది ఇంకో తంటా. మీ ఫైలులో రోజు ముందు, కంప్యూటర్ సెట్టింగ్‌లో నెల ముందు ఉంటే 03-04-2014 కాస్తా మార్చి 4 అయిపోతుంది. 13-04-2014ను మాత్రం తేదీగా గుర్తించదు, అక్షరాలుగానే వదిలేస్తుంది. అంటే 12వ తేదీ లోపు పుట్టినవారి తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి, మిగతావి సరిగ్గానే కనిపిస్తాయి. పైపైన చూసేవారికి ఫైలంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. సంవత్సరం, నెల, రోజు వరసలో, 2014-04-03 లాగా రాస్తే ఈ బెడద ఉండదు. తెలుగులో రాసిన పేర్లు గజిబిజి గుర్తులుగా వస్తుంటే ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) సేవ్ చేయలేదనో, తెరిచేటప్పుడు అలా చదవలేదనో అర్థం.

విద్యార్థిని గుర్తించడానికి అడ్మిషన్ నంబరొక్కటే వాడండి. ఇంటిపేరు, పుట్టిన తేదీ కలిపి సరిపోల్చే పద్ధతి కవలలు వచ్చేదాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఇద్దరి మార్కులూ ఒకరి కిందకే చేరతాయి. అక్కాచెల్లెళ్లు ఒకే స్కూల్లో ఉంటే తల్లి పేరు ఫైలులో రెండుసార్లు వస్తుంది, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా రెండు ఖాతాలు తెరుచుకుంటాయి. "చిన్నది కనిపించట్లేదు" అన్న ఫిర్యాదు మూలం ఇదే. రెండో ఖాతాను తుడిచేయకండి. ముందు దాని లింకును మొదటి ఖాతాకు మార్చి, పిల్లలిద్దరూ కనిపిస్తున్నారని తల్లి చెప్పాక దాన్ని నిలిపివేయండి.

మొదట ఒక్క సెక్షన్‌తో ఫైలు ఎక్కించి చూడండి. పది వరసలు తీసుకుని అడ్మిషన్ రిజిస్టరుతో పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఆ పదిలో కవలలు, ఒకే ఇంటి పిల్లలు, సంరక్షకుల దగ్గర ఉండేవారు తప్పక ఉండాలి. మామూలు కేసులు ఎలాగూ పాసవుతాయి.

కోడ్ చేతికి ఇవ్వడం

మొదటి పాస్‌వర్డ్‌గా పుట్టిన తేదీ పెట్టే అలవాటు మానేయాలి. క్లాసులో స్నేహితులందరికీ ఆ తేదీ తెలుసు. ఒక్కసారికే పనిచేసే, గడువు తీరిపోయే కోడ్ ఇవ్వండి. ఏడు రోజుల గడువు సరిపోతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో సంతకం తీసుకుని చేతికివ్వడం అన్నిటికన్నా మంచి పద్ధతి. కుదరకపోతే యూజర్ ఐడీ ఒక దారిలో, కోడ్ మరో దారిలో పంపండి. రెండూ ఒకే కవరులో పెట్టి పిల్లాడి చేత పంపితే ఆ ఖాతా ఎవరు తెరుస్తారో చెప్పనక్కర్లేదు.

మొబైల్ నంబరు మార్చమని వచ్చే అభ్యర్థనలను లాగిన్ అభ్యర్థనల కన్నా ఎక్కువ అనుమానంతో చూడాలి. ఓటీపీ వెళ్లేది ఆ నంబరుకే కాబట్టి నంబరు మారితే ఖాతా చేతులు మారినట్టే. "నాన్నగారి నంబరు మారింది, ఇది కొత్తది" అని చక్కని చేతిరాతతో ఉత్తరం వస్తుంది, అదీ పరీక్షల ఫలితాలకు వారం ముందు. ఇలా చేయండి:

1. ఉత్తరంలో ఉన్న కొత్త నంబరుకు కాకుండా, రికార్డులో ఉన్న పాత నంబరుకు ఫోన్ చేయండి.
2. అది పనిచేయకపోతే రెండో పేరెంట్ నంబరుకు చేయండి. ఇద్దరూ విడిగా ఉంటున్నారని నమోదై ఉంటే ఈ మెట్టు వదిలేయండి.
3. ఎవరూ దొరక్కపోతే గుర్తింపు కార్డుతో స్వయంగా రమ్మనండి.
4. మార్చాక పాత నంబరుకూ ఈమెయిల్‌కూ "మీ నంబరు మార్చాం" అని మెసేజ్ పంపండి. అందులో విద్యార్థి పేరు, మార్కులు ఉండకూడదు. వాడకం ఆగిపోయిన నంబరును టెలికాం కంపెనీలు కొన్నాళ్లకు మరొకరికి ఇస్తాయి. ఆ మెసేజ్ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

ఏం చూపించాలి, ఎప్పుడు

హాజరు, ప్రచురించిన మార్కులు, టీచర్ వ్యాఖ్య చూపిస్తే మొదటి టర్మ్‌కు సరిపోతుంది. కౌన్సెలర్ నోట్స్, ఆరోగ్య వివరాలు తల్లిదండ్రుల పోర్టల్‌లోకి రాకూడదు. అవి ముఖాముఖి చెప్పాల్సినవి. క్రమశిక్షణ నమోదుల్లో మరో చిక్కుంది, "ఫలానా అబ్బాయిని నెట్టాడు" అని టీచర్ రాస్తే ఆ ఫలానా అబ్బాయి పేరు వేరే ఇంట్లో చదువుతారు. తల్లిదండ్రులకు కనిపించే వ్యాఖ్యకూ అంతర్గత నోట్‌కూ వేర్వేరు గడులు పెట్టించండి. కనిపించే గడిలో ఇంకో పిల్లవాడి పేరు రాయొద్దని టీచర్లకు ముందే చెప్పండి.

క్లాసు సగటు చూపించడం ఏ హానీ లేనిదిగా కనిపిస్తుంది. ఐచ్ఛిక సబ్జెక్టులో ఇద్దరే ఉంటే మాత్రం, మా అమ్మాయికి 60, సగటు 70 అంటే రెండో అమ్మాయికి 80 అని ఎవరైనా లెక్కగడతారు. కొద్దిమందే ఉన్న గ్రూపుల్లో సగటు ఆపేయండి. పదిమందిని కనీస హద్దుగా పెట్టుకోవచ్చు.

మార్కుల గడిలో ఖాళీ, సున్నా, గైర్హాజరు మూడూ వేరు. టీచర్ ఇంకా ఎక్కించని మార్కును సాఫ్ట్‌వేర్ సున్నాగా చూపిస్తే సాయంత్రానికల్లా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటుంది. టీచర్ సేవ్ చేసిన వెంటనే కనిపించేలా కాకుండా, హెడ్ పరిశీలించి విడుదల చేశాకే కనిపించేలా పెట్టండి. విడుదల పనిరోజు ఉదయం చేయాలి. సెలవు ముందు సాయంత్రం వదిలితే సందేహాలున్న తల్లిదండ్రులకు జవాబు చెప్పే మనిషి ఉండరు. గైర్హాజరు మెసేజ్ కూడా టీచర్ హాజరు సమర్పించాక అరగంట ఆగి వెళ్లాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లలను సరిదిద్దడానికి ఆ వ్యవధి కావాలి.

మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ వాడే స్కూళ్లకు ఒక హెచ్చరిక. అందులో పేరెంట్ రోల్ (తల్లిదండ్రులకిచ్చే అనుమతుల కట్ట) సిద్ధంగా ఉండదు. యూజర్ స్థాయిలో కేటాయించేలా కొత్త రోల్ తయారుచేసి, ప్రతి విద్యార్థి ప్రొఫైల్‌లోకి వెళ్లి తల్లిదండ్రులను జతచేయాలి. మెంటీస్ అనే బ్లాక్‌ను పేజీలో పెడితే వారికి తమ పిల్లల పేర్లు కనిపిస్తాయి. పని ఎక్కువగా ఉందని అదే రోల్‌ను సైట్ మొత్తానికి ఇచ్చేస్తే, ఒక్క పిల్ల కోసం ఇచ్చిన అనుమతి అందరు పిల్లలకూ వర్తిస్తుంది.

తెరిచే ముందు పరీక్ష

అడ్మిన్ తెరలో చూసి బాగుందనుకోవద్దు, అడ్మిన్‌కు అన్నీ కనిపిస్తాయి. ఉత్తుత్తి విద్యార్థులను ఇద్దరిని సృష్టించి, ఒకరికి మాత్రమే లింకు చేసిన పేరెంట్ ఖాతాతో ఫోన్‌లో లాగిన్ అవ్వండి. ప్రోగ్రెస్ కార్డు తెరిచి, బ్రౌజర్ పైన ఉండే వెబ్ చిరునామా పట్టీలో విద్యార్థి నంబరు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని రెండో ఉత్తుత్తి విద్యార్థి నంబరుగా మార్చండి. ఆ కార్డు తెరుచుకుంటే పోర్టల్ ఇంకా ఎవరికీ ఇవ్వకండి, సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారు సరిచేయాల్సిందే. తర్వాత పీడీఎఫ్ వెబ్ చిరునామాను కాపీ చేసి, లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో పెట్టి చూడండి. అక్కడ తెరుచుకుందంటే ఆ చిరునామా వాట్సాప్ గ్రూపులో పడిన రోజున అందరూ చూస్తారు.

ఏడాది చివర, ఆ తర్వాత

వరస ముఖ్యం. ముందు మార్కులు లాక్ చేసి, తుది కార్డులు విడుదల చేసి, బ్యాకప్ తీసుకోండి. తర్వాత స్కూలు వదిలి వెళ్లేవారి లింకులకు ముగింపు తేదీ వేయండి, కార్డులు దించుకోవడానికి రెండు మూడు నెలలు గడువిస్తే చాలు. ఆ తర్వాతే పై తరగతికి మార్చాలి. మొదట ప్రమోట్ చేసేస్తే పాత సెక్షన్ వివరాలు పోయి, కొన్ని సాఫ్ట్‌వేర్లలో కార్డు మీద కొత్త క్లాస్ టీచర్ పేరు అచ్చవుతుంది. టీసీ తీసుకున్న పిల్లకు తమ్ముడు ఇక్కడే చదువుతుంటే లింకు మాత్రమే ముగించాలి. ఖాతా మూసేస్తే తమ్ముడి రికార్డు కూడా ఇంట్లో కనిపించకుండా పోతుంది. విద్యార్థి మేజర్ అయ్యాక తల్లిదండ్రులు చూడాలంటే ఎవరి అనుమతి కావాలో మీ చట్టం ఏమంటుందో చూసుకుని, ఆ పుట్టినరోజుకు ముందే లింకు గడువు పెట్టండి.

నెలకోసారి నాలుగు జాబితాలు తీయండి: ఒక్క లింకూ లేని విద్యార్థులు, మూడుకు మించి లింకులున్న విద్యార్థులు, నలుగురికి మించి పిల్లలున్న ఖాతాలు, వేర్వేరు పేర్లతో ఒకే మొబైల్ నంబరున్న ఖాతాలు. అన్నీ తప్పులే కానక్కర్లేదు. హాస్టల్ వార్డెన్ పేరిట పాతికమంది ఉండవచ్చు. కానీ ప్రతిదానికీ ఒక కారణం షీటులో రాసి ఉండాలి.

తమ పిల్లలు అదే స్కూల్లో చదివే సిబ్బందికి రెండు ఖాతాలు ఇవ్వండి, టీచర్‌గా ఒకటి, పేరెంట్‌గా ఒకటి. సొంత బిడ్డ సెక్షన్‌కు వారే మార్కులు ఎక్కించాల్సి వస్తే విడుదలకు ముందు వేరే టీచర్ సరిచూసి పేరు నమోదు చేయాలి. ఆ జాగ్రత్త టీచర్‌కే రక్ష, ఎవరైనా వేలెత్తి చూపితే లాగ్‌లో రెండో పేరు కనిపిస్తుంది.