గ్రహశకలం నక్షత్రాన్ని కప్పేసే ఆ కొన్ని సెకన్లు

గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డం వస్తే, ఆ నక్షత్రం వెలుగులో దాని నీడ భూమి మీద పడుతుంది; ఆ నీడ పోయే చోట నక్షత్రం కొన్ని సెకన్లు మాయమవుతుంది. ఆకల్ట్ వాచర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే, ఏ గ్రహశకలం నీడ మీకు దగ్గరగా పోతుందో చూపిస్తుంది. మొదటిసారికి బాగా వెలిగే నక్షత్రాన్నే ఎంచుకోండి. నేను కర్నూలులో మా డాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు వీడియో కెమెరా తగిలించి, గంట ముందే పటంతో పోల్చుకుని నక్షత్రాన్ని ఖాయం చేసుకుంటాను.

ప్రాణమంతా టైమింగ్‌లోనే ఉంది. నీడ సెకనుకు కిలోమీటర్ల లెక్కన పరుగెత్తుతుంది కాబట్టి ఫోన్ గడియారం చాలదు. ప్రతి ఫ్రేము మీదా జీపీఎస్ సమయం పడాలి. చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందు మొదలుపెట్టి, తర్వాత రెండు నిమిషాల దాకా రికార్డింగ్ ఆపకండి. 1977లో యురేనస్ వలయాలు దొరికింది, గ్రహం అడ్డు రాకముందూ వెళ్లాకా నక్షత్రం మసకబారినందుకే!

నక్షత్రం మాయం కాకపోయినా రిపోర్టు పంపండి. నీడ అంచు తేలేది దానివల్లే.