మునిగిన ఓడల ఎగ్జిబిషన్‌కి టికెట్ కొనే ముందు

ట్రిప్‌లో మునిగిన ఓడల ఎగ్జిబిషన్ అని బోర్డు చూసి ఇంటిల్లిపాదికీ టికెట్లు తీస్తే లోపల అన్నీ నమూనాలూ వీడియోలే, చిరాకేస్తుంది. అందుకే ముందు గూగుల్ మ్యాప్స్‌లో జనం పెట్టిన ఫొటోలు ఓ ఇరవై తిరగేసి, వస్తువుల పక్కనున్న లేబుళ్లు జూమ్ చేయండి. 'రెప్లికా' అనే ఎక్కువ కనిపిస్తే వదిలేయండి, ఏ ఓడలోది, ఎక్కడ దొరికింది అని రాసుంటే వెళ్లొచ్చు.

మన హైదరాబాద్ వాళ్లు తెగ వెళ్లే సింగపూర్‌లో ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం అలాంటిదే: ఇండోనేషియాలోని బెలిటుంగ్ దగ్గర 1998లో బయటపడ్డ 9వ శతాబ్దపు ఓడ సరుకు, పెద్ద జాడీల్లో కుక్కి పంపిన చైనా గిన్నెలు (ఓడ మాత్రం ఉండదు, పిల్లలకి ముందే చెప్పండి). రాఫెల్స్ ప్లేస్ మెట్రో నుంచి నడిచిపోవచ్చు, మధ్యాహ్నం ఎండవేళ గంటన్నర చాలు.

ఊరూరా తిరిగే షోలకి ఈ చిట్కా పనిచేయదు, ఆ హాల్లో అంతకుముందు జరిగిన వేరే షో ఫొటోలే కనిపిస్తాయి, తేదీ చూసుకోండి.