ఎండాకాలంలో కిడ్నీ బయాప్సీ ముక్క: ఇమ్యునోఫ్లోరోసెన్స్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్ల దూరమే అయినా, మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున ఆ కాస్త దారిలోనే కిడ్నీ బయాప్సీ ముక్క పాడైపోవచ్చు. అలా పాడైన ముక్కను తర్వాత ఎంత నేర్పుగల టెక్నీషియన్ చేతికిచ్చినా ప్రయోజనం ఉండదు. కిడ్నీలో రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్‌లో పేరుకున్న ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ, కప్పా, లాంబ్డా ప్రోటీన్లను మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలతో పట్టుకునే పరీక్షే ఇమ్యునోఫ్లోరోసెన్స్. 1968లో పారిస్‌లో బెర్జర్ బృందం ఐజీఏ నెఫ్రోపతీని (గ్లోమెరులస్‌లో ఐజీఏ పేరుకునే జబ్బును) గుర్తించినది ఈ పద్ధతితోనే. మామూలు రంగులు వేసిన స్లైడును మాత్రమే చూసి ఆ జబ్బును ఖాయం చేయడం నేటికీ సాధ్యం కాదు.

అన్నిటికంటే ముందు జాగ్రత్త పడవలసినది మామూలు స్లైడు కోసం ఉంచే ముక్కను గట్టిపరిచే ఫార్మలిన్ ద్రావణం విషయంలో. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కు ఉంచిన ముక్క ఫార్మలిన్‌లో పడకూడదన్నది అందరికీ తెలిసినదే గాని, ఫార్మలిన్ సీసాలో ముంచిన ఫోర్సెప్స్‌తోనే (పట్టుకారుతోనే) ఈ ముక్కను కూడా పట్టుకోవడం పని ఒత్తిడిలో తరచుగా జరిగే పొరపాటు. అందువల్ల ఈ ముక్కను ముందుగా వేరుచేసి, ఆ తర్వాతే ఫార్మలిన్ సీసా మూత తీయడం మేలు. ముక్క కొన్ని గంటల్లో ల్యాబుకు చేరుతుందంటే సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, మంచు పెట్టెలో పంపవచ్చు, అయితే అది మంచుగడ్డకు నేరుగా తగిలి గడ్డకట్టకుండా చూడాలి. ఆలస్యమవుతుందన్న అనుమానం ఉంటే మిషెల్ ద్రావణమే సరైనది. అది ముక్కను గట్టిపరచదు, ప్రోటీన్లు చెడిపోకుండా కొద్ది రోజులు కాపాడుతుంది. ల్యాబులో ఆ ద్రావణాన్ని బఫర్‌తో పూర్తిగా కడిగిన తర్వాతే ముక్కను గడ్డకట్టించాలి.

గడ్డకట్టించడం ఎంత త్వరగా జరిగితే అంత మంచిది, ఎందుకంటే మెల్లగా గడ్డకడితే మంచు స్ఫటికాలు ఏర్పడి కణజాలాన్ని చీలుస్తాయి. కరెంటు పోయి క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన ముక్కను పలుచగా కోసే చల్లని యంత్రంలో) కరిగిన బ్లాకును మళ్లీ గడ్డకట్టించినా ఇదే నష్టం, కాబట్టి వేసవికి ముందే జనరేటర్ సంగతి చూసుకోవాలి.

సుమారు 3 మైక్రాన్ల మందాన కోసిన స్లైడుపై యాంటీబాడీ చుక్క వేశాక, తడి పెట్టె మూత సరిగా పడకపోతే వేడిగాలికి ఆ చుక్క అంచులు ఆరిపోతాయి. ఆరిన చోట అనవసరమైన ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది, దానిని జబ్బు గుర్తుగా పొరబడే ప్రమాదం ఉంది. ముక్క అంచున మాత్రమే మెరుపు ఉండి మధ్యలోని గ్లోమెరులస్‌లో లేకపోతే అది నమ్మదగినది కాదు. వెలుతురుకు ఈ రంగు త్వరగా వెలిసిపోతుంది కనుక స్లైడును చీకట్లో ఉంచి, చూసిన వెంటనే ఫోటో తీయాలి.

గడ్డకట్టించిన ముక్కలో గ్లోమెరులస్‌లే లేకపోతే, ఫార్మలిన్‌లో ఉంచిన ముక్కను మైనంలో అమర్చిన పారఫిన్ బ్లాకు నుంచి కోతలు తీసి, ప్రోనేస్ ఎంజైముతో శుద్ధిచేసి ఇదే పరీక్ష చేసే వీలుంది. అయితే ఆ పద్ధతిలో సీ3 మెరుపు బలహీనంగా కనిపించవచ్చు కాబట్టి, ఏ పద్ధతిలో చేశారో రిపోర్టులో తప్పక రాయాలి. లేకపోతే దానిని చదివే నెఫ్రాలజిస్టు సీ3 నిజంగానే లేదనుకునే అవకాశం ఉంది.