మందు గానీ వాయువు గానీ శరీరంలో ఎక్కడెక్కడికి చేరుతుందో అంచనా వేయడం ఎలా?

మింగిన మాత్ర నేరుగా నొప్పి ఉన్నచోటికే వెళ్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి రక్తం దాన్ని శరీరమంతటా తిప్పుతుంది. ఏ కణజాలంలో ఎంత నిలుస్తుందో తెలియాలంటే కొన్ని ప్రశ్నలు వరుసగా వేసుకోవాలి. ఇది అవగాహన కోసం చేసే లెక్క మాత్రమే. దీన్ని చూసి ఎవరూ తమ మోతాదు మార్చుకోకూడదు.

మొదట దూరం చూడండి. అణువులు ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి వాటంతటవే పాకడాన్ని విసరణ అంటారు. దీని సూత్రాన్ని 1855లో అడాల్ఫ్ ఫిక్ ప్రతిపాదించాడు. విసరణకు పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ 10 మైక్రోమీటర్లు దాటడానికి సెకనులో నలభయ్యో వంతు సరిపోతే, ఒక మిల్లీమీటరుకు సుమారు 4 నిమిషాలు, ఒక సెంటీమీటరుకు దాదాపు 7 గంటలు పడుతుంది. అతి సన్నని రక్తనాళాలైన కేశనాళికలు కణాల పక్కదాకా అల్లుకుని ఉండకపోతే మనం ఒక్క పూట కూడా బతకలేం. కాబట్టి పెద్ద దూరాలు రక్తం మోస్తుంది, చివరి కొన్ని మైక్రోమీటర్లు మాత్రమే విసరణ వంతు.

తరువాత, ఆ అవయవానికి రక్తం ఎంత అందుతుందో చూడండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో దాదాపు అయిదో వంతు మూత్రపిండాలకే వెళ్తుంది. శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడుకు ఏడో వంతు దక్కుతుంది. కొవ్వుకు అందేది చాలా తక్కువ. థయోపెంటాల్ అనే మత్తుమందును గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. సిరలోకి ఒక్క మోతాదు ఎక్కించిన అర నిమిషంలోనే అది మెదడుకు చేరి రోగికి స్పృహ తప్పుతుంది. 5 నుంచి 10 నిమిషాల్లో రోగి మళ్లీ కళ్లు తెరుస్తాడు. అప్పటికి కాలేయం విరగ్గొట్టింది చాలా స్వల్పం. మెదడులోని మందు మళ్లీ రక్తంలోకి వచ్చి కండరాలకు, ఆపైన నెమ్మదిగా కొవ్వుకు తరలిపోయింది, అంతే. మందు ప్రభావం తగ్గడమూ, మందు శరీరం నుంచి పోవడమూ ఒకటి కావు.

మూడో ప్రశ్న, అది కణాల పొరను దాటగలదా? కొవ్వులో కరిగే, విద్యుదావేశం లేని చిన్న అణువులు తేలిగ్గా దాటుతాయి. మెదడు రక్తనాళాల గోడ మరీ కట్టుదిట్టం: మెదడు కణాలు సంకేతాలకు వాడే డోపమైన్ రక్తంలోంచి దాన్ని దాటజాలదు, పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే లెవోడోపా అనే మందు మాత్రం అమైనో ఆమ్లాల రవాణా మార్గంలో లోపలికి వెళ్లి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కున్న మందు కూడా బయటకు రాలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌లో దాదాపు 99 శాతం అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్‌కు అంటుకునే ఉంటుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. ఇచ్చిన మోతాదును, కణజాలాలన్నిటా సర్దుకున్నాక ప్లాస్మాలో, అంటే రక్తకణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, ఉన్న గాఢతతో భాగించండి. మందంతా అదే గాఢతలో పరుచుకోవాలంటే ఎంత ద్రవం కావాలో ఈ జవాబు చెబుతుంది. ఈలోగా బయటకు పోయిన దాన్ని లెక్కలోంచి సరిచేయాలి. గుండెజబ్బు మందు డిగాక్సిన్ 500 మైక్రోగ్రాములు సిరలోకి ఇచ్చినప్పుడు ప్లాస్మాలో లీటరుకు 1 మైక్రోగ్రామే కనిపించిందనుకుందాం. జవాబు 500 లీటర్లు. 70 కిలోల మనిషిలో ఉన్న నీరంతా కలిపితే సుమారు 42 లీటర్లే కదా! ఈ అసాధ్యమైన అంకెకు అర్థం ఒక్కటే: మందులో అత్యధిక భాగం రక్తంలో లేదు, గుండెతో సహా కండరాలను పట్టుకుని ఉంది. అందుకే డిగాక్సిన్ మితిమీరినప్పుడు డయాలసిస్ పెద్దగా ఉపయోగపడదు. అది శుభ్రం చేయగలిగింది రక్తాన్నే. రక్త ప్రొటీన్లను పట్టుకుని ఉండే వార్ఫరిన్‌కు ఇదే లెక్క కడితే సుమారు 10 లీటర్లే వస్తుంది. డిగాక్సిన్ రక్తపరీక్షకు మోతాదు తర్వాత కనీసం 6 గంటలు ఆగమనేది కూడా మందు కణజాలాల్లోకి సర్దుకోవాలనే. తొందరపడితే మందు ఇంకా సర్దుకోకముందే ఎక్కువ అంకె కనిపించి తప్పుదారి పట్టిస్తుంది.

వాయువులకైతే గాఢతకు బదులు పాక్షిక పీడనాన్ని, అంటే మిశ్రమంలో ఆ ఒక్క వాయువు వంతు పీడనాన్ని, చూడండి. ఊపిరితిత్తుల వాయుకోశాల్లో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం, అక్కడికి వచ్చే రక్తంలో 40. ఆ తేడా వల్ల ఎర్ర రక్తకణం కేశనాళికలో గడిపే ముప్పావు సెకనులో పావు సెకనుకే ఆక్సిజన్ నిండుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు ఉన్న తేడా 5 మిల్లీమీటర్లే అయినా, అది ఆక్సిజన్ కంటే దాదాపు 20 రెట్లు తేలిగ్గా విసరిస్తుంది కాబట్టి ఇబ్బంది రాదు.

కరిగే గుణం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. పీల్చి మత్తు తెప్పించే ఈథర్ రక్తంలో బాగా కరుగుతుంది కనుక త్వరగా మత్తు ఇవ్వాలని అనిపిస్తుంది. జరిగేది అందుకు విరుద్ధం: రక్తమే దాన్ని పీల్చుకుంటూ పోవడం వల్ల పీడనం మెల్లగా పెరిగి, మెదడుకు ఆలస్యంగా అందుతుంది. తక్కువ కరిగే మరో మత్తు వాయువు నైట్రస్ ఆక్సైడ్ త్వరగా పనిచేసి, త్వరగానే వదులుతుంది.

సముద్రంలో లోతుకు దిగినవారి విషయంలో ఇదే లెక్క ప్రాణాలు కాపాడుతుంది. అక్కడి పీడనానికి నైట్రోజన్ కణజాలాల్లో కరుగుతుంది. నీటిలో కంటే కొవ్వులో సుమారు 5 రెట్లు ఎక్కువ. బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త జె. ఎస్. హాల్డేన్ బృందం 1908లో శరీరాన్ని 5 రకాల కణజాలాలుగా ఊహించి, అవి సగం నిండడానికి 5, 10, 20, 40, 75 నిమిషాలు పడుతుందని లెక్కవేసి పట్టికలు ఇచ్చింది. ఈతగాడు ఒక్కసారిగా పైకి వస్తే నిదానంగా ఖాళీ అయ్యే కణజాలంలో నైట్రోజన్ బుడగలు కడుతుంది. అందుకే అతడు దారిలో ఆగి ఆగి, రక్తం ఆ వాయువును ఊపిరితిత్తులకు చేర్చేంత వ్యవధి ఇస్తూ పైకి వస్తాడు.