ఫిట్‌నెస్ టెస్ట్ మీ సెక్షన్‌లో నిక్కచ్చిగా జరగాలంటే

సైన్యంలో సెక్షన్ (చిన్న దళం) బాధ్యత కొత్తగా మీ చేతికొచ్చిందా? టెస్ట్ రోజు అందరికంటే ముందు మీరే పరిగెత్తండి. మీ టైమ్ రాసే పని మాత్రం మీ కింద పనిచేసేవాళ్లకి ఇవ్వకండి, పక్క సెక్షన్ వాళ్లని పిలవండి. మీ మనిషి మొహమాటానికి రెండు సెకన్లు వదిలేశాడంటే, ఆ తర్వాత ఎవరినీ గట్టిగా అడిగే హక్కు మీకుండదు. సీనియర్లు "మీటింగ్ ఉంది" అని తప్పించుకుంటే వాళ్లకీ ఇంకో తేదీ వేసి పరీక్ష పెట్టాల్సిందే.

ఏది లెక్కలోకి వస్తుందో ముందు రోజే చేసి చూపించండి. పుషప్స్ దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. అమెరికా సైన్యం ఇప్పుడు ఛాతీ నేలకు ఆనించి, చేతులు నేల మీద నుంచి ఎత్తి, మళ్లీ ఆనించి లేస్తేనే ఒకటిగా లెక్కేస్తోంది. సగం దిగి లేచేవాళ్ల ఆటలు దీంతో సాగవు, నాకైతే చాలా నచ్చిన పద్ధతి.

ఎవరైనా ఫెయిలైతే? శిక్షగా అక్కడికక్కడే వందలకొద్దీ పుషప్స్ చేయించడం క్రమశిక్షణ కాదు, ప్రమాదం. శక్తికి మించి చేయిస్తే కండరాలు దెబ్బతిని, వాటి నుంచి రక్తంలోకి చేరే పదార్థాలు కిడ్నీలను పాడుచేస్తాయి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందంటే ఆ క్షణమే డాక్టర్ దగ్గరికి పంపండి. చేయాల్సింది ఏంటంటే, ఎక్కడ తగ్గాడో కూర్చోబెట్టి మాట్లాడి, కాగితం మీద ప్లాన్, మళ్లీ టెస్ట్ తేదీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. పరుగులో వెనకబడ్డవాడికి వారానికి మూడు రోజులు చాలు: ఒకరోజు 400 మీటర్ల వేగపు పరుగులు మధ్యలో విశ్రాంతితో, మిగతా రెండు రోజులు పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. తొందరపడి దూరం ఒక్కసారిగా పెంచితే కాలి ఎముకలో సన్నటి పగుళ్లొస్తాయి.

నొప్పి ఉందని చెప్పినవాడిని నలుగురిలో వెక్కిరించారో, ఇక ఎవరూ చెప్పరు, దాచుకుని పరిగెడతారు. వేడి ప్రాంతానికి కొత్తగా వచ్చినవాళ్లకి శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, అప్పటిదాకా టెస్ట్ వద్దు.

ఒకరిద్దరు ఫెయిలైతే వాళ్లతో మాట్లాడండి, సగం మంది ఫెయిలైతే మాత్రం జవాబు మీరే చెప్పాలి, ఎందుకంటే ట్రైనింగ్ ఇచ్చింది మీరు. మీకు బదిలీ అయితే ఆ సంతకాల కాగితాలన్నీ తర్వాత వచ్చేవాళ్ల చేతికివ్వండి, మీ సొంత టైమ్ రాసిన కాగితంతో సహా.