సైనికాధికారి మీద విజ్ఞానసర్వస్వ వ్యాసాన్ని సమీక్షించడం ఎలా?

ఎవరో రాసిన వ్యాసం మీ చేతికొచ్చింది, సరిచూసి చెప్పమన్నారు. అది ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కర్నల్ కాలిన్ మెకంజీ గురించి అనుకుందాం. ఆయన సేకరింపజేసిన కైఫీయత్తుల (ఊరూరి చరిత్ర రాతల) పుణ్యమా అని నెల్లూరు, ఒంగోలు వైపు చరిత్ర చదివేవాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. చిక్కంతా అక్కడే. తెలిసిన పేరు కదా అని సగం వాక్యాలు చూడకుండానే దాటేస్తాం.

మొదటిసారి పెన్ను పక్కన పెట్టి చదవండి. ఈయనెవరో, ఎందుకు చెప్పుకోవాలో మార్కాపురంలో ఇంటర్ చదివే పిల్లకు మొదటి పేరాలోనే తెలియాలి. తెలియకపోతే అదే మీ మొదటి వ్యాఖ్య.

రెండోసారి తేదీలన్నీ కాగితం మీద వరసగా వేయండి. 1754లో పుట్టుక, 1783లో మద్రాసు రాక, 1799లో శ్రీరంగపట్నం ముట్టడి, 1811లో జావా దండయాత్ర, 1821లో మరణం. ఇక తీసివేతలు చేయండి. 'ఇరవై నిండకుండానే మద్రాసులో దిగాడు' అని రాసుంటే లెక్క కుదరదు, అప్పటికి ముప్పైకి దగ్గరపడ్డాడు. సర్వేయర్ జనరల్ (సర్వే శాఖకు అధిపతి) అయింది ఒకచోట 1810, ఇంకోచోట 1815 అని కనిపిస్తే మాత్రం తొందరపడి తప్పు పట్టకండి. మొదటిది మద్రాసు పదవి, రెండోది మొత్తం భారతదేశానిది. ఏది ఏదో విడమరచమని అడిగితే చాలు.

తర్వాత హోదాలు. సైనికుల వ్యాసాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. 'కర్నల్ మెకంజీ 1783లో మద్రాసు వచ్చాడు' అనేస్తారు. వచ్చినప్పుడు ఆయన ఇంకా అధికారి కాని క్యాడెట్టే, కర్నల్ అయింది చివరి ఏళ్లలో. ఏ సంఘటన నాటికి ఏ హోదాయో ఆ హోదాతోనే రాయాలి. ఏ సైన్యమో కూడా చూడండి. ఆయన పనిచేసింది ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో. దాన్ని ఇంగ్లండు రాజుగారి సైన్యంతో కలిపేయకూడదు.

ఊళ్ల సంగతి మనవాళ్లం కాబట్టి మనమే బాగా పట్టుకోగలం. 'మెకంజీ మనుషులు ప్రకాశం జిల్లాలో కైఫీయత్తులు సేకరించారు' అనే వాక్యం చూడండి. ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970లో, దానికి ప్రకాశం పేరు వచ్చింది 1972లో. 'నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో' అని మార్పించాలి. కందుకూరైతే ఇంకా తమాషా. నెల్లూరు నుంచి 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లి, 2022లో మళ్లీ నెల్లూరుకే వచ్చింది. 'నేటి' అన్న మాట కూడా ఎప్పటి నేడో అడగాల్సిందే.

నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. మెకంజీకి కుడిభుజంగా ఉన్న కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు నెల్లూరు జిల్లాలోని మన కావలి ఊరి వాళ్లేనని ధీమాగా రాసేశాను. కావలి అనేది వాళ్ల ఇంటిపేరు, ఊరు ఏలూరు. సొంతూరి మీద మమకారం ఎంత పనైనా చేయిస్తుంది.

ఇక మూలాలు. 'నెల్లూరు జిల్లా మాన్యువల్‌లో ఉంది' అంటే సరిపోదు, పేజీ సంఖ్య కావాలి. బాస్వెల్ అనే బ్రిటిష్ అధికారి ఆ పుస్తకం తెచ్చింది 1873లో, మెకంజీ పోయిన 52 ఏళ్లకు. ఆయన జీవితం గురించి అందులో చెప్పిన మాటకు ఆధారం ఇంకెక్కడో ఉండి ఉంటుంది, అది వెతకమనండి. 'మెకంజీ రాసిన కైఫీయత్తులు' అన్నా ఆగండి. ఆయన సేకరింపజేశాడు. గ్రామ కరణాల దగ్గరి దండకవిలెలు (ఊరి పాత దస్తరాలు) చూసి, ఊళ్లో పెద్దలను అడిగి రాసుకొచ్చింది బొర్రయ్య, లక్ష్మయ్యల్లాంటి మనవాళ్లు. వ్యాసంలో వాళ్లకు ఒక్క వాక్యమైనా లేకపోతే అది పెద్ద లోటే.

పొగడ్తలను మొలగొలుకుల బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు ఏరేయాలి. 'మహోన్నతుడు', 'వీరోచితంగా' లాంటివి తీసేస్తే వాక్యంలో ఏం మిగిలిందో చూడండి. ఏమీ మిగలకపోతే ఆ వాక్యమే అనవసరం. తిట్లకూ ఇదే కొలత.

చివరికి రచయితకు రాయండి. 'బాగాలేదు, సరిచేయండి' అంటే ఆయనకు ఏమీ తెలీదు. 'మూడో పేరా, రెండో వాక్యం: 1783 నాటికి కర్నల్ కాదు, హోదా మార్చగలరా?' అన్నట్టు చోటు చూపించి అడగండి. అక్షరదోషాలు మీరే దిద్దేయవచ్చు. విషయం మాత్రం ఆయన్నే మార్చనివ్వండి, పుస్తకాలు ఆయన దగ్గరున్నాయి. సవరించి పంపాక మారిన వాక్యాలతోపాటు మొదటి పేరా కూడా ఇంకోసారి చూడండి. కింద తేదీ దిద్ది పైన పాతదే వదిలేయడం అందరికీ అలవాటే.