స్పానిష్‌లో "మాట్లాడాను, తిన్నాను, రాశాను" అనడం ఎలా?

తెలుగులో "నిన్న మాట్లాడాను" అంటే చాలు, "నేను" అని వేరుగా చెప్పక్కర్లేదు. క్రియ చివర ఉన్న "ను" ఆ పని చేసేస్తుంది. స్పానిష్ క్రియ కూడా ఇలాగే నడుస్తుంది కాబట్టి మనకు సగం పని తేలికే. శ్రద్ధ పెట్టాల్సింది నొక్కి పలకడం మీద. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కినా మాట అర్థం మారదు. స్పానిష్‌లో మారిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో నొక్కి పలకాల్సిన అచ్చును దీర్ఘంగా రాస్తున్నాను.

1. క్రియ చివర చూడండి

ప్రతి స్పానిష్ క్రియ మూలరూపం ఆర్, ఎర్, ఇర్‌లలో ఒకదానితో ముగుస్తుంది. అబ్లార్ (మాట్లాడటం), కొమేర్ (తినడం), ఎస్క్రిబీర్ (రాయడం). ఆ చివరి ముక్క తీసేయండి. అబ్ల్, కొమ్, ఎస్క్రిబ్ మిగులుతాయి.

2. కొత్త చివరలు తగిలించండి

ముందు ఆర్ క్రియ:

నేను: అబ్లే
నువ్వు: అబ్లాస్తె
అతను, ఆమె, మీరు (ఒక్కరిని గౌరవంగా): అబ్లో
మేము, మనం: అబ్లామొస్
వాళ్ళు, మీరందరూ: అబ్లారొన్

మాట్లాడాడు, మాట్లాడింది అనే తేడా ఇక్కడ లేదు, రెండూ అబ్లో. స్పెయిన్‌లో దగ్గరివాళ్ళను "మీరంతా" అనడానికి అబ్లాస్తెయిస్ అనే ఇంకో రూపం ఉంది. లాటిన్ అమెరికాలో అది వాడరు.

ఎర్, ఇర్ క్రియలకు చివరలు ఒకటే, ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చేసినట్టే: కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమ్యేరొన్. అలాగే ఎస్క్రిబీ, ఎస్క్రిబీస్తె, ఎస్క్రిబ్యో, ఎస్క్రిబీమొస్, ఎస్క్రిబ్యేరొన్.

"నువ్వు" రూపం చివర "స్" చేర్చకండి. వర్తమానంలో అది ఉంటుంది కాబట్టి నోరు అటే పోతుంది, కానీ ఇక్కడ తప్పు.

3. సరైన చోట నొక్కి పలకండి

ఆబ్లొ అంటే "మాట్లాడతాను". అబ్లో అంటే "అతను మాట్లాడాడు". అక్షరాలు అవే, నొక్కే చోటు ఒక్కటే వేరు. మనిషీ మారిపోయాడు, కాలమూ మారిపోయింది! రాసేటప్పుడు "నేను", "అతను" రూపాల చివరి అచ్చు మీద చిన్న వాలుగీత పెడతారు. మిగతా రూపాలకు అక్కర్లేదు. చాలామంది ఈ గీతను అలంకారంలా చూసి వదిలేస్తారు, నా దృష్టిలో భూతకాలానికి ప్రాణం అదే. మొదటి రోజు నుంచే ఈ రెండు రూపాలను పైకి, గట్టిగా పలికి సాధన చేయండి.

అబ్లామొస్, ఎస్క్రిబీమొస్ మాత్రం వర్తమానంలోనూ అలాగే ఉంటాయి. పక్కన అయేర్ (నిన్న) లాంటి మాట ఉంటే కాలం తెలిసిపోతుంది.

4. స్పెల్లింగ్ సరిచూసుకోండి

బుస్కార్ (వెతకడం), పగార్ (డబ్బు కట్టడం), క్రుసార్ (దాటడం) లాంటి వాటిలో "నేను" రూపానికి స్పెల్లింగ్ కాస్త మారుతుంది. బుస్కేలో సి బదులు క్యూ, యు రాస్తారు. పగేలో జి తర్వాత యు చేరుస్తారు. క్రుసేలో జెడ్ పోయి సి వస్తుంది. మూలంలోని ధ్వని చెడకూడదనే మొదటి రెండు మార్పులు, మూడోది స్పెల్లింగ్ ఆనవాయితీ.

5. ఎప్పుడు వాడాలో తెలుసుకోండి

ఈ రూపం అయిపోయిన పనికి. "నిన్న అమ్మతో మాట్లాడాను" అంటే అయేర్ అబ్లే కొన్ మి మాద్రె. "చిన్నప్పుడు రోజూ మాట్లాడేవాణ్ణి" అనాలంటే స్పానిష్‌లో వేరే భూతకాలం ఉంది, అక్కడ అబ్లే సరిపోదు. తెలుగులో "-ను", "-ఏవాణ్ణి" తేడా మీకు ఎలాగూ తెలుసు కాబట్టి, సందేహం వస్తే వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. ఇంకో మాట: ఈ రోజే జరిగినవాటికి స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో "ఎ కొమీదొ" (తిన్నాను) అనే మరో రూపం వినిపిస్తుంది. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల కొమీ అనే అంటారు.

ఈర్ (వెళ్ళడం), తెనేర్ (కలిగి ఉండటం), అసేర్ (చేయడం) ఈ పద్ధతికి లొంగవు, వాటిని విడిగా నేర్చుకోవాలి. ముందు త్రబహార్ (పని చేయడం), కొంప్రార్ (కొనడం), అప్రెందేర్ (నేర్చుకోవడం), అబ్రీర్ (తెరవడం) తీసుకుని, ఒక్కోదానికి ఐదు రూపాలూ అయేర్‌తో కలిపి వాక్యాలుగా చెప్పండి.